పంటి కింద పప్పు, కాలి కింద కొండ

మన యువరాజు సుకేతుణ్ణి కాకిగుబ్బ వంటశాలలో, చేతిలో గరిటెతో, మూతికి జిగురుపెట్టి అంటించిన మీసంతో నిలబెట్టి వచ్చాం గదా. పొయ్యి సెగకు ఆ మీసం ఒక పక్క ఊడుతోంది. అది పూర్తిగా ఊడేలోగా పంచసోపాన దేశపు ఎత్తుపల్లాల సంగతి కాస్త చెప్పుకోవాలి. తొందరపడేవాళ్ళు తొందరపడండి, నేను మాత్రం చెప్పే తీరతాను. ఆ సంగతి తెలియకపోతే అంతటి వీరుడు కత్తి వదిలేసి గరిటె ఎందుకు పట్టాడో మీకు అంతుపట్టదు.

ఆ దేశం సముద్రం దగ్గర మొదలై మబ్బుల్లో ఆగుతుంది. మధ్యలో ఐదు మెట్లు. అట్టడుగు మెట్టు మీద సుకేతుడి ఊరు పల్లంపట్నం. పోటు వచ్చిన రోజున ఎండ్రకాయలు రాజసభలోకి నడిచివచ్చి మంత్రుల ఆసనాల కింద కాపురం పెడతాయి. దానిపైన నల్లరేగడి నేలల నాగేటివాడ. ఆ పైన గాలిమెట్ట, అక్కడి జనం తలపాగాలు ఎగిరిపోకుండా గడ్డం కింద ముడేసుకుంటారు. నాలుగో మెట్టు చలిచెర్ల, అక్కడ నేతిగిన్నె చంకలో పెట్టుకుని కరిగిస్తే గాని వడ్డనకు రాదు. ఇక ఐదో మెట్టు మీద రాజధాని మేఘవతి! చలువరాతి ప్రాకారాలు, ప్రాకారాల మీద పసిడి కలశాలు, కలశాల మెడల్లో తెల్లని మబ్బుదండలు, ఉదయపుటెండ తగిలితే ఊరు ఊరంతా వెలిగించిన హారతిపళ్ళెం. అంత అందంలోనూ ఒక చిక్కుంది. కిటికీ తెరిచారా, మబ్బు లోపలికొచ్చి పక్కబట్టలన్నీ తడిపి పోతుంది. ఆ ఊరి ఇల్లాళ్ళు పొద్దస్తమానం చేటలు పుచ్చుకుని మబ్బుల్ని బయటికి తోలుతూనే ఉంటారు.

ఆ దేశంలో ఎత్తే మర్యాద. సంబంధం మాట్లాడబోతే గోత్రం తర్వాత, ముందు "మీదెన్నో మెట్టు?" అని అడుగుతారు. పైమెట్టు చుట్టం ఇంటికి వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చి, నిచ్చెన వేసి అటక మీద కూర్చోబెడతారు. మేఘవతి నుంచి వచ్చిన వియ్యపురాలు గాలిమెట్టలో ఒకరింట అటక మీదే పండగంతా గడిపి, దిగలేక నానా యాతనా పడిందట.

మరి ఎత్తు కొలిచేదెలా? తాడు వేసి కొలవడం వాళ్ళ శాస్త్రంలో లేదు. వాళ్ళు కందిపప్పుతో కొలుస్తారు. నవ్వకండి. పైకి పోయేకొద్దీ పప్పు ఉడకదు. నీళ్ళు తెర్లుతాయి, ఆవిరి లేస్తుంది, కట్టెలు కాలి బూడిదవుతాయి, పప్పు మాత్రం చెక్కు చెదరదు. ఏ ఊరి పప్పు పంటికి గట్టిగా తగిలితే ఆ ఊరు ఎత్తు. అందుకే మేఘవతి ప్రభువులు గులకరాళ్ళలాంటి పప్పు కరకర నమిలి, పళ్ళు రాల్చుకుని, ఆ బోసినోళ్ళతోనే పల్లపు వాళ్ళని చూసి నవ్వుతారు. నన్నడిగితే అంత బడాయి ఎక్కడా చూడలేదు.

దేశానికంతటికీ ఎత్తు తేల్చే అధికారం సమతలాచార్యుల వారిది. జీవితమంతా ఊరూరా పప్పు కొరికి కొరికి ఆయనకు ఒక్క పన్ను మిగిలింది. ఆ పన్నే దేశానికి కొలబద్ద. ఆయన తీర్పు నోటితో పైకి పలికితేనే చెల్లుతుంది. ఎవరి ఊరు అన్నిటికన్నా ఎత్తని ఆయన పలికితే, సింహాసనం ఆ ఊరిది, రాకుమారి ఆ ఊరి ఏలికది. పూర్వం ఎవడో రాజు తన ఎత్తు మీద ధీమాతో రాయించిన చట్టం అది.

ఇప్పుడు ఆ చట్టం రాకుమారి హేమలేఖ మెడకు చుట్టుకుంది. ఆమె మనసు సుకేతుడి మీద. "ఎండ్రకాయల పక్కింటివాడికి నా పిల్లనా?" అని ఆమె తండ్రి ఉన్నతవర్మ అతణ్ణి గెంటించాడు. అంతలో ధూమకంఠుడనే మాంత్రికుడు లేచాడు. వాడి ఊరు కాకిగుబ్బ. నిన్న మొన్నటిదాకా మేకలు మేసిన దిబ్బ. అది ఏడాదిగా అమావాస్య అమావాస్యకీ పెరుగుతూ పోయింది, ఎలాగో ఎవరికీ తెలియదు. "మీకన్నా నాదే ఎత్తు, పప్పు పెట్టండి" అన్నాడు ధూమకంఠుడు. నిన్న ఆచార్యులవారు మేఘవతి పప్పు కొరికారు. టక్కుమంది. నాలుగు గింజలు వెండి భరిణెలో వేసుకుని ఇవాళ కాకిగుబ్బ పప్పు కొరకడానికి వచ్చారు. తీర్పు వచ్చేదాకా మేఘవతిలో ఎవరూ ముద్ద ముట్టకూడదని ఆనవాయితీ. ఇంటింటా పొయ్యి మీద పప్పు, ఇంటింటా కడుపులో ఆకలి.

ఇక్కడి పప్పు మెత్తబడితే హేమలేఖ బతికిపోతుంది. గట్టిగా ఉంటే ఈ సాయంత్రమే మాంత్రికుడితో పెళ్ళి. అదీ గరిటె కథ.

పొయ్యి మీద ఇద్దరు మనుషులు పట్టే గుండిగ కుతకుతమంటోంది. సుకేతుడు గరిటెతో నాలుగు గింజలు తీసి నొక్కి చూసి నీరుగారిపోయాడు.

"ఒరేయ్ గజపాణీ, ఒక్క గింజ కూడా కదల్లేదురా!"

"నీ మీసం కదిలింది. ముందు అది చూసుకో" అన్నాడు గజపాణి. పల్లంపట్నం మంత్రిగారి అబ్బాయి, సుకేతుడి ప్రాణస్నేహితుడు. మనిషి భారీ. అతను పడవెక్కితే పడవవాళ్ళు దండం పెట్టి మిగతావాళ్ళని దించేస్తారు.

"మన పడవల మీద పప్పెలా వండుతారో గుర్తుందా?"

"ఎందుకు లేదు! అలలకి ఒలకకుండా మూత చుట్టూ పిండి మెత్తి, మీద బండ పెడతారు. పప్పు ఇట్టే వెన్నయిపోతుంది. కానీ ఇక్కడ బండేది?"

సుకేతుడు స్నేహితుణ్ణి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు.

"వద్దు" అన్నాడు గజపాణి.

"నేనింకా ఏమీ అనలేదురా."

"నీ చూపు అంది. నేను మంత్రి కొడుకుని, మూకుడుని కాదు."

అతను గొణుగుతూ ఉండగానే సుకేతుడు మూత పెట్టి, చుట్టూ పిండి మెత్తి, మీద చెక్కపలక, పలక మీద తడిపిన గోనె పరిచాడు. గజపాణి "నీ పెళ్ళి నా చావుకొచ్చింది" అంటూ ఎక్కి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే ధూమకంఠుడు, వెనకే ఆచార్యులవారు లోపలికి వచ్చారు.

ధూమకంఠుడి గడ్డంలోంచి ఎప్పుడూ పొగ వస్తూ ఉంటుంది. చేతిలో పుర్రెపిడి మంత్రదండం. వాడికి వంట నచ్చకపోతే దండం ఆడించి మంత్రం చదువుతాడు, వంటవాడు కాకై ఎగిరిపోతాడు. ఆ గుబ్బ మీద అన్ని కాకులు ఉండడానికి అదీ కారణం.

"మూత ఎందుకురా? ఆ మూత మీద పర్వతం ఎవడు?" అని గర్జించాడు వాడు.

"కాకులు తోలేవాడు స్వామీ" అన్నాడు సుకేతుడు, మీసం వేలితో నొక్కిపట్టి.

ఆ మాట అనగానే దూలం మీది కాకి ఒకటి ఆచార్యులవారి ఉత్తరీయం మీద రెట్ట వేసింది. ఆయన ముక్కు మూసుకుని, "మూత ఉండాల్సిందే! కాకి ఎంగిలి నా పంటికి పనికిరాదు. ఉన్నది ఒక్కటే పన్ను నాయనా!" అన్నారు. ధూమకంఠుడు పళ్ళు నూరి ఊరుకున్నాడు. వాడి కాకులే వాడి కొంప ముంచాయి.

పొయ్యి భగభగ మండుతోంది. గుండిగ మొదట సణిగింది, తర్వాత ఈల వేసింది, ఆపైన గజగజ వణికింది. మీద గజపాణి కూడా వణుకుతున్నాడు. "సుకేతూ, కింద కాలుతోందిరా! బాగా కాలుతోందిరా!" అని అరిచాడు.

పేరు పెట్టి పిలిచేశాడు! ధూమకంఠుడు గిర్రున తిరిగాడు. ఆ విసురుకి సుకేతుడి మీసం ఊడి మాంత్రికుడి బొటనవేలి మీద పడింది.

"ఓరి పల్లంపట్నం కుంకా! నా దగ్గర నీ పప్పులుడుకుతాయనుకున్నావా?"

లోపల అవి ఎప్పుడో ఉడికిపోయాయి. మాంత్రికుడు దండం ఎత్తి గజపాణి మీదికి మంత్రం అందుకున్నాడు. గజపాణి భుజాల మీద నల్లటి రెక్కలు టపటపమని మొలిచాయి. మంత్రం ఇంకో సగం మిగిలి ఉండగా, ఢామ్మని గుండిగ పేలింది.

పచ్చటి పప్పు కప్పు దాకా లేచింది. దానికన్నా ముందు గజపాణి లేచాడు. కప్పుకి తలతో ఒక కన్నం చేసి, మళ్ళీ దబ్బుమని కింద పడ్డాడు. మంత్రదండం మాంత్రికుడి చేతిలోంచి జారి, పేలుడుకి నేల విచ్చిన బీటలో పడి లోపలికి గలగల పోయింది. దాని వెనకే గుండిగలో మిగిలిన పప్పంతా ఆ బీటలోకే కారింది. బయటి కాకులన్నీ బెదిరి, కూసుకుంటూ ఆకాశంలో కలిసిపోయాయి.

అప్పుడు నేల కింది నుంచి, లోతు నుంచి, ఒక గొంతు వినబడింది.

"ఎవుర్రా అది? ఇంత కమ్మటి పప్పు వండిందెవుర్రా?"

ధూమకంఠుడి మొహం బూడిదైంది. అదే కాకిగుబ్బ రహస్యం. ఆ గుబ్బ కింద ఒక భూతం ఉంది. వాడు దాని నెత్తిన కొండ పెట్టి, "అమావాస్యకి మోకాలు ఇంత ఎత్తితే పప్పు పెడతా" అని ఆశపెట్టి, ఏడాదిగా దానికి కంకరరాళ్ళు మేపుతున్నాడు. అదే పప్పనుకుని ఆ పిచ్చి భూతం కొద్దికొద్దిగా లేస్తూ వచ్చింది.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు పెట్టింది పప్పు కాదంటరా, పొగగడ్డం?" అంది భూతం. "మోసగాడా! అద్గదీ, యాడ్నుంచో ఇంగువ తాలింపు వాసనొస్తాంది. నే బోతాండా."

లేచి నిలబడింది. నెత్తిన కొండతో సహా.

కాకిగుబ్బ మీద కుండలు, పీటలు, ఆచార్యులవారు, అన్నీ ఒక పక్కకి దొర్లాయి. మరుక్షణం భూతం అడుగు వేసింది, అన్నీ రెండో పక్కకి దొర్లాయి. సుకేతుడు కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూసి నోరు తెరిచాడు. దేశమంతా కింద పరిచినట్టు కనబడుతోంది. దూరాన సముద్రపు గీత, దాని ఒడ్డున ఇటుకరంగు చుక్కలా పల్లంపట్నం. ఆ తర్వాత నల్లటి నాగేటివాడ, ఆ పైన గడ్డి ఊగే గాలిమెట్ట, పొగమంచు కప్పుకున్న చలిచెర్ల. ఒక్కో మెట్టునూ భూతం ఒక్కో అంగలో దాటుతోంది. ఆఖరికి మేఘవతి వచ్చింది. ఎదురుగా రాలేదు, కాళ్ళ కిందికి వచ్చింది. పసిడి కలశాలు కొండ పాదం కన్నా కిందుగా మెరుస్తున్నాయి.

ధూమకంఠుడు చప్పట్లు కొట్టి గంతులేశాడు. "చూశారా ఆచార్యా! రాజధాని నా చెప్పుల కింద ఉంది! పలకండి తీర్పు!"

స్తంభాన్ని కావలించుకున్న ఆచార్యులవారు కళ్ళు మూసుకునే జవాబిచ్చారు. "కంటితో చూసి ఎత్తు చెప్పడం శాస్త్రం కాదు. పప్పు కొరకనిదే ఎత్తు లేదు. తీర్పు పలికేవేళకి ఊరు ఎక్కడుంటే అదే దాని ఎత్తు. మళ్ళీ ఎసరు పెట్టించు."

"పెడతా. ఈసారి మూత లేకుండా! కాకులెటూ లేవు" అంటూ వాడు తనే ఇంకో గుండిగ పొయ్యి ఎక్కించి పప్పు పోశాడు.

సుకేతుడు ఆ గుండిగ వంక చూశాడు. ఇంత ఎత్తున, మూత లేకుండా, ఆ పప్పు యుగాంతానికి కూడా ఉడకదు. తెలివైన పని చేశాననుకుని తన ప్రాణంలాంటి పిల్లని తన చేతులతోనే వాడికి అప్పగిస్తున్నాడు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేక ఊరుకున్నాడు.

అప్పుడే నేల బీటలోంచి భూతం గొణుగుడు వినబడింది. "వాసన అదిరిపోతాంది. కానీ నిలబడి తింటే మాయమ్మ వీపు పగలగొట్టేది. కూకోమని పిలిచేవోళ్ళుండొద్దా? పిలవని ఇంట్లో ఎట్టా కూకునేది?"

సుకేతుడు ఎగిరి గంతేశాడు. "గజపాణీ! ఎగురు! హేమలేఖ దగ్గరికి పో! ఈ భూతాన్ని కూర్చోమని పిలవమను. భోజనానికి, మర్యాదగా!"

"నాకు రెక్కలొచ్చాయే గాని బరువు తగ్గలేదురా... కావ్" అన్నాడు గజపాణి. చివరి కూతకు తనే ఉలిక్కిపడ్డాడు. సుకేతుడు ఇంక మాట పెంచకుండా అతణ్ణి కిటికీలోంచి తోసేశాడు.

మేఘవతి కోట బురుజు మీద హేమలేఖ పప్పుగిన్నె పక్కన నిలబడి, మీదికి వస్తున్న కొండని చూస్తోంది. జనం హాహాకారాలు చేస్తున్నారు, రాజుగారు బల్ల కింద దూరారు. ఆకాశం నుంచి ఒక నల్లటి మూట టపటపా కొట్టుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర గుమ్మడికాయలా పడింది.

"రాకుమారీ... కావ్... నేను గజపాణిని. దాన్ని కూర్చోబెట్టండి... కావ్... అన్నం తినమని పిలవండి. అది కూర్చుంటే కొండ దిగుతుంది!"

హేమలేఖ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అందుకే ఆ పిల్లంటే నాకిష్టం. ఉత్సవాల పందిరిగుడ్డలన్నీ తెప్పించి, కోటకిందికి దిగే ఏటవాలు మీద విస్తరిలా పరిపించింది. గరిటె చేతబట్టి బురుజు అంచుకు వచ్చి తల పైకెత్తింది.

"నాయనా! అంత దూరం నుంచి ఎండనపడి వచ్చావు. నిలబడి తింటే ఒంటికి పట్టదు. కూర్చో, వడ్డిస్తాను."

భూతం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎన్నాళ్ళకమ్మా ఈ మాట!" అంటూ లోయలో కాళ్ళు మడిచి చతికిలబడింది.

కొండ దిగింది! దిగింది, దిగింది, ఇంకా దిగింది. పసిడి కలశాలు పైకి లేచినట్టు లేచి ఆకాశంలో నిలబడ్డాయి. కాకిగుబ్బ చలిచెర్లకి, గాలిమెట్టకి, నాగేటివాడకి కూడా దిగువకు పోయి లోయ అడుగున ఆగింది. వంటశాలలో గుండిగ చప్పుడు మారిపోయింది. పప్పు ఉడికే చప్పుడు పల్లంవాడికి తెలియకపోతే ఎవడికి తెలుస్తుంది?

పైన మేఘవతి ఇళ్ళన్నీ ఖాళీ అవుతున్నాయి. జనం ఏటవాలు పొడుగునా నిలబడి గిన్నెలు చేతులు మార్చుకుంటూ విస్తట్లో కుమ్మరిస్తున్నారు. భూతం గుప్పెడు నోట్లో వేసుకుని టక్ టక్ టక్ మని నమిలింది.

"గట్టిగుందమ్మా."

"మా ఊరి మర్యాద నాయనా అది. నిదానంగా నమలు. తొందరేం లేదు" అంది హేమలేఖ, తొందరతో చచ్చిపోతూ.

కొండ మీద ధూమకంఠుడు ఊరుకుంటాడా? నీళ్ళకడవ ఎత్తి పొయ్యి మీదికి ఉరికాడు. సుకేతుడు గరిటె అడ్డం పెట్టాడు. వాడు కట్టె లాగాడు, ఇతను గరిటెతో వేళ్ళ మీద వేశాడు. వాడు గడ్డం పొగ ఊదాడు, ఇతను మూకుడుతో ఎదురు విసిరాడు. దండం లేని మాంత్రికుడు వట్టి ముసలివాడు. రెండుసార్లు పొయ్యి చుట్టూ పరిగెత్తించేసరికి ఆయాసంతో పీట మీద కూలబడ్డాడు.

"ఆచార్యా, ఉడికింది" అన్నాడు సుకేతుడు.

సమతలాచార్యులవారు స్తంభాన్ని వదిలి వచ్చారు. భరిణెలోని మేఘవతి గింజని మొదట కొరికారు. టక్. తర్వాత కాకిగుబ్బ గింజని ఆ ఒక్క పంటి కింద పెట్టారు. చప్పుడు కాలేదు. పన్ను దిగిపోయింది. ఆయన మొహంలో ఏదో మారింది. ఇంకో గింజ వేసుకున్నారు. తర్వాత గరిటెడు.

"నాయనా" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. "పుట్టి బుద్ధెరిగి నేను మెత్తపప్పు గింజ కొరికి ఊసేయడమే గాని ముద్ద కలుపుకుని తినలేదు. మేఘవతిలో మెత్తపప్పు అడిగితే వెలి. కాస్త అన్నం ఉందా? నెయ్యి?"

"తీర్పు పలికి తినండి ఆచార్యా, మీ కాళ్ళు పట్టుకుంటా!"

"ఒక్క ముద్ద. ఒకే ఒక్క ముద్ద."

సుకేతుడు గత్యంతరం లేక అన్నం పెట్టాడు, నెయ్యి వేశాడు. ఆయన కలిపారు. ముద్ద బుగ్గకి పట్టించారు. ఇంకో ముద్ద. రెండో బుగ్గ కూడా నిండింది.

బయట టక్ టక్ మనే చప్పుడు ఆగిపోయింది. సుకేతుడు కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. మేఘవతి బురుజు మీద హేమలేఖ ఖాళీ గిన్నె బోర్లించి రెండు చేతులూ ఊపుతోంది. పక్కన గజపాణి రెక్కలు కొట్టుకుంటూ కూస్తున్నాడు. ఊళ్ళో పప్పంతా అయిపోయింది.

"మారు వడ్డిస్తా, ఉండు నాయనా! ఇంకాసేపు కూర్చో!" అని ఆమె కేక వేసింది.

"చాలమ్మా, కడుపు నిండింది" అంది భూతం. పందిరిగుడ్డల విస్తరిని పద్ధతిగా తనవైపుకి మడిచింది. "ఎంగిలిచేత్తో కూకునే అలవాటు మా ఇంటావంటా లేదు. లేచి చెయ్యి కడుక్కోవాల." దాని అరచేయి మోకాలి మీద పడింది. కొండ అడుగున రాళ్ళు కదిలి గలగలమన్నాయి. పీట మీది ధూమకంఠుడు నెమ్మదిగా తలెత్తి నవ్వాడు.

"ఆచార్యా!" అని సుకేతుడు ప్రాణాలన్నీ గొంతులోకి తెచ్చుకుని అరిచాడు. "మింగండి!"

నేల ఒక పక్కకి ఒరిగింది. ఆచార్యులవారు ఆగమన్నట్టు ఎడమచేతి వేలు చూపించి, ఇంకో ముద్ద కలిపారు.